వరద తగ్గాక... ఇంటికి, ఆరోగ్యంగా!

నీళ్లు ఇంట్లోకి రావటానికి ఒక్క రాత్రి చాలు. అవి పోవటానికి వారం, పది రోజులు పట్టొచ్చు. ఇల్లు మళ్లీ ఇల్లులా కావటానికి నెలలు పడుతుంది. వరద అనగానే మనకు మొదటి రాత్రే గుర్తొస్తుంది. కానీ కరెంటు షాకులు, విరేచనాలు, జ్వరాలు, ఆయాసాలు, నిద్ర పట్టకపోవటం వంటివి చాలావరకు నీళ్లు తీసేశాకే మొదలవుతాయి. ఇల్లు కడుక్కునే రోజుల్లో, సామాన్లు సర్దుకునే వారాల్లో మీద పడతాయి. వీటిలో చాలావాటిని మనం ముందే అడ్డుకోవచ్చు. ఎప్పుడు ఏ ముప్పు వస్తుందో తెలిసి ఉండాలంతే.

విజయవాడ వాసులకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కుండపోత వానలకు బుడమేరు పొంగింది. డైవర్షన్ కాలువ గట్టుకు గండ్లు పడ్డాయి. ఆ నీళ్లు సింగ్‌నగర్, వాంబే కాలనీ, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వంటి ప్రాంతాల్లోకి వచ్చి రోజుల తరబడి నిలిచిపోయాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ 11 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవహించింది. డాబాల మీదున్న వారికి డ్రోన్లతో ఆహార పొట్లాలు అందించాల్సి వచ్చింది. గండ్లు పూడ్చటానికి సైన్యం దిగింది. నీళ్లు తగ్గాక ఫైరింజన్లు వీధివీధికీ తిరిగి ఇళ్లు కడిగాయి. ఆ రోజుల్లోనే ఖమ్మంలో మున్నేరు కాలనీలను ముంచెత్తింది. అంతకుముందు 2009 అక్టోబరులో కర్నూలు, 2020 అక్టోబరులో హైదరాబాద్ పాతబస్తీ, 2015 డిసెంబరులో చెన్నై ఇదే బాధ చూశాయి. మీ కాలనీకి ఇప్పటిదాకా నీళ్లు రాకపోయినా, మీ అక్కయ్యగారింటికో తమ్ముడింటికో వచ్చి ఉండొచ్చు. అందుకే ఇది అందరూ తెలుసుకోవాల్సిన విషయం.

గడప దాటే ముందు

ఇల్లు చూడాలన్న ఆత్రం సహజమే. అయినా తొలిసారి వెళ్లేటప్పుడు పిల్లల్ని, గర్భిణుల్ని, పెద్దవయసు వారిని వెంట తీసుకెళ్లొద్దు. ఒంటరిగా కూడా వెళ్లొద్దు. కాళ్లకు బూట్లు, చేతికి కర్ర ఉండాలి. బురద కింద గాజు పెంకులు, మేకులు కనిపించవు. బీరువాల వెనక, మంచాల కింద, తడిసిన బట్టల కుప్పల్లో పాములు దూరి ఉండొచ్చు. ముందు కర్రతో కదిపి చూడండి. ఒకవేళ పాము కాటేస్తే కోయటం, నోటితో పీల్చటం, గట్టిగా కట్టు కట్టటం వంటివేమీ చెయ్యొద్దు. కరిచిన చెయ్యో, కాలో కదలకుండా ఉంచి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మెయిన్ స్విచ్ నీళ్లలో ఉన్నా, మీరు నీళ్లలో నిలబడి ఉన్నా దాన్ని ముట్టుకోవద్దు. లైన్‌మన్‌కు చెప్పి బయటి నుంచే సరఫరా ఆపించండి. ఇన్వర్టరును మర్చిపోవద్దు. వీధిలో కరెంటు లేకపోయినా దాని బ్యాటరీతో షాక్ కొట్టే ప్రమాదముంది. మునిగిన ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, మిక్సీ వంటివి ‘పనిచేస్తుందేమో చూద్దాం’ అని ప్లగ్గు పెట్టొద్దు. వైరింగు, స్విచ్‌బోర్డులు ఎలక్ట్రీషియన్ చూసి సరేనన్నాకే కరెంటు వెయ్యాలి. జనరేటరు తెచ్చుకుంటే ఎప్పుడూ ఆరుబయటే పెట్టండి. గదిలోనో, వరండాలోనో నడిపితే రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీసేస్తుంది.

కడగటానికి ముందు ప్రతి గదినీ, పాడైన ప్రతి వస్తువునూ ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. బీమాకైనా, ప్రభుత్వ సాయానికైనా ఆధారం అదే. విజయవాడలో గ్రౌండ్‌ఫ్లోర్ ఇళ్లకు 25 వేలు, పై అంతస్తు వాళ్లకు 10 వేల రూపాయల చొప్పున ప్రభుత్వం సాయం ప్రకటించినప్పుడు నష్టం వివరాలన్నీ ఇల్లిల్లూ తిరిగే రాసుకున్నారు. మునిగిన బండిని స్టార్ట్ చెయ్యొద్దు. ఇంజన్లోకి నీళ్లు వెళ్లి ఉంటే పూర్తిగా పాడవుతుంది, బీమా డబ్బు రావటమూ కష్టమవుతుంది.

బురద ఆరకముందే...

బురద తడిగా ఉన్నప్పుడే తోసెయ్యాలి. ఎండితే గట్టిపడుతుంది. ఆ దుమ్ము లేస్తే ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. ఇది మామూలు వాన బురద కాదు. డ్రైనేజీ, సెప్టిక్ ట్యాంకులు, చచ్చిన ఎలుకలు, కుక్కలు.. అన్నీ అందులో కలిసి ఉంటాయి. రబ్బరు గ్లౌజులు, బూట్లు, మాస్కు తప్పనిసరి. చర్మం మీద కోతలు, పుండ్లు ఉంటే నీళ్లు చొరని కట్టు కట్టుకోండి. ముందు బురద తోసెయ్యాలి. తర్వాత సబ్బు నీళ్లతో రుద్ది కడగాలి. ఆఖర్న బ్లీచింగ్ పౌడరు నీళ్లు వాడాలి. బురద మీదే బ్లీచింగ్ చల్లితే దాని శక్తంతా బురదకే ఖర్చయిపోతుంది, సూక్ష్మక్రిములు అలాగే ఉంటాయి. లీటరు నీటికి సుమారు 15 గ్రాములు, అంటే మూడు టీస్పూన్ల పౌడరు కలిపి, తేరుకున్న నీళ్లతో గచ్చు, గోడల కింది భాగం తుడవాలి. పది నిమిషాలు అలా వదిలేసి మంచినీళ్లతో కడిగెయ్యాలి.

ఇక్కడొక ముఖ్యమైన హెచ్చరిక. మన ఇళ్లలో బాత్‌రూములు కడిగే యాసిడ్‌ను బ్లీచింగ్ పౌడరుతో ఎప్పుడూ కలపొద్దు. ఒకటి వాడిన చోట వెంటనే రెండోది పొయ్యొద్దు. ఈ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసి ఉన్న బాత్‌రూములో అది గొంతు, ఊపిరితిత్తులను తీవ్రంగా దెబ్బతీస్తుంది. తలుపులు, కిటికీలు అన్నీ తీసే పని చెయ్యండి. ఆస్తమా ఉన్నవారు ఈ పనికి దూరంగా ఉండాలి.

మేకు గుచ్చుకున్నా, రేకు గీసుకున్నా సబ్బుతో బాగా కడిగి ఆ రోజే ధనుర్వాతం ఇంజెక్షన్ సంగతి డాక్టరుతో మాట్లాడండి. మురికి గాయమైతే, చివరి టీకా వేయించుకుని ఐదేళ్లు దాటితే మళ్లీ అవసరమవుతుంది. ఇంట్లో నాన్నగారు, మామయ్యగారు చివరిసారి ఎప్పుడు వేయించుకున్నారో సాధారణంగా ఎవరికీ గుర్తుండదు. గుర్తులేదంటే వేయించుకోవటమే మేలు.

సంపు తళతళలాడినా నమ్మొద్దు

వరద నీళ్లు సంపులోకి దిగితే ఆ నీళ్లన్నీ తోడి పారబొయ్యాలి. అడుగున పేరుకున్న ఒండ్రు తీసి, గోడలు రుద్దించాలి. తర్వాత నీళ్లు నింపి వెయ్యి లీటర్లకు సుమారు 150 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపి రాత్రంతా ఉంచాలి. పొద్దున్నే ఆ నీళ్లు కుళాయిల గుండా వదిలేసి, ఖాళీ చేసి, మళ్లీ మంచినీళ్లు నింపుకోవాలి. ఓవర్‌హెడ్ ట్యాంకుకూ ఇంతే. సంపులోకి దిగే మనిషి ఒక్కరే దిగకూడదు. మూత తీసి చాలాసేపు గాలి ఆడనివ్వాలి. పైన మరొకరు కాపలా ఉండాలి. లోపల ఎవరైనా స్పృహ తప్పితే ఆదరాబాదరాగా వెంట దిగొద్దు. అలా దిగే రెండో మనిషి కూడా చనిపోతుంటారు. 108కు, ఫైర్ సర్వీసుకు ఫోన్ చెయ్యండి.

తాగే నీటిని కనీసం ఒక నెలపాటు కాచి చల్లార్చే తాగండి. కళపెళ తెర్లటం మొదలయ్యాక ఒక నిమిషం మరగనిస్తే చాలు. కాచే వీలు లేకపోతే ఆరోగ్య సిబ్బంది ఇచ్చే క్లోరిన్ బిళ్లలు వేసి అరగంట ఆగి తాగాలి. మునిగిన వాటర్ ప్యూరిఫయర్‌ను ఫిల్టర్లు మార్పించకుండా వాడొద్దు. పసిపిల్లలకు తల్లిపాలను మించిన రక్ష లేదు. వరద వేళ తల్లి కంగారులో ఉండి పాలు తగ్గినట్టనిపించినా బిడ్డకు తరచూ పట్టిస్తుంటే మళ్లీ పడతాయి. డబ్బాపాలకు మారటం ఆ రోజుల్లో ప్రమాదం. కడగటానికీ, కలపటానికీ శుభ్రమైన నీళ్లే కరవు కదా.

విరేచనాలు మొదలైతే మొదటి మందు ఓఆర్‌ఎస్. ప్యాకెట్ మొత్తం ఒకేసారి, దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి. పిల్లలకు దాంతో పాటు జింకు కూడా ఇస్తారు. ‘కడుపు ఖాళీగా ఉంచితే తగ్గుతుంది’ అని పిల్లల్ని పస్తు పెట్టొద్దు.

వంటగదిలో ఏది ఉంచాలి?

ఇల్లాళ్లకు అన్నిటికన్నా కష్టమైన పని ఇదే. ఏడాదికి సరిపడా పోసుకున్న బియ్యం, కొట్టించిన కారం, ఆవకాయ జాడీ.. వీటిని పారబోయటానికి చెయ్యి రాదు. ఎండబెడితే పనికొస్తాయేమో అనిపిస్తుంది. వరద నీరు తగిలిన బియ్యం, పప్పులు, పిండి, పచ్చళ్లు, కూరగాయలు ఎండబెట్టినా పనికిరావు. సీలు తియ్యని రేకు డబ్బాలను మాత్రం సబ్బుతో, తర్వాత బ్లీచింగ్ నీళ్లతో కడిగి వాడుకోవచ్చు. స్టీలు, ఇత్తడి గిన్నెలను కడిగి మరిగే నీళ్లలో వేసి తీస్తే సరిపోతుంది. చెక్క గరిటెలు, పీటలు, ప్లాస్టిక్ పాలసీసాలు, పీలికలు పారెయ్యటమే మంచిది.

‘నేను వరద నీళ్లలో నడిచాను’ అని చెప్పండి

నీళ్లు తగ్గిన తర్వాతి మూడు, నాలుగు వారాల్లో జ్వరం వస్తే డాక్టరుతో మొదట చెప్పాల్సిన మాట ఇదే. ఎలుక జ్వరం (లెప్టోస్పైరోసిస్) ఎలుకల మూత్రంలోని బ్యాక్టీరియాతో వస్తుంది. బురద నీళ్లలో నడిచినప్పుడు కాలి పగుళ్ల గుండా, గాయాల గుండా, కళ్ల గుండా ఒంట్లోకి చేరుతుంది. సాధారణంగా ఐదు నుంచి 14 రోజుల తర్వాత బయటపడుతుంది, నెల వరకూ పట్టొచ్చు. 2005 జులై వరదల తర్వాత ముంబయిలో, 2018 వరదల తర్వాత కేరళలో ఇది పెద్దసంఖ్యలో కనిపించింది.

ఉన్నట్టుండి తీవ్రమైన జ్వరం, తలనొప్పి, ముఖ్యంగా పిక్కల్లో ముట్టుకోనివ్వనంత నొప్పి, కళ్లు ఎర్రబడటం దీని లక్షణాలు. వైరల్ జ్వరమే అనుకుని మెడికల్ షాపులో మాత్రలు కొనుక్కుని వారం గడిపేస్తే కామెర్లు, కిడ్నీలు దెబ్బతినటం, ఊపిరితిత్తుల్లో రక్తస్రావం దాకా వెళ్లొచ్చు. తొలి రోజుల్లో గుర్తిస్తే మామూలు యాంటీబయాటిక్స్‌తోనే తగ్గిపోతుంది. ప్రాణానికీ ప్రమాదానికీ మధ్య తేడా తరచూ ఆ రెండు, మూడు రోజులే. బురదలో రోజూ పనిచేసే పారిశుద్ధ్య సిబ్బందికి, వలంటీర్లకు వారానికోసారి డాక్సీసైక్లిన్ ముందుజాగ్రత్తగా ఇస్తుంటారు. కేరళలో ఇలాగే చేశారు. అయితే గర్భిణులకు, ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు ఇది పనికిరాదు కాబట్టి డాక్టరు చెబితేనే వేసుకోవాలి.

దోమలు వచ్చేది తర్వాతే

వరద పారుతున్నప్పుడు దోమ లార్వాలు కొట్టుకుపోతాయి. అందుకే మొదట్లో దోమలు తక్కువగా ఉన్నట్టనిపిస్తుంది. రెండో వారం నుంచి అసలు బెడద మొదలవుతుంది. డెంగీ దోమకు మురుగు అక్కర్లేదు, నిలిచిన మంచినీళ్లు చాలు. గుడ్డు దోమ కావటానికి వారం, పది రోజులు పడుతుంది. మన వీధి చివర గుట్టగా పోసిన పాత ఫ్రిజ్‌లు, కూలర్లు, వాషింగ్ మెషీన్ టబ్బులు, టైర్లలో మళ్లీ వాన పడి నీళ్లు నిలిస్తే అవే దోమల పుట్టిల్లు అవుతాయి. వాటిని బోర్లించి పెట్టండి. మున్సిపాలిటీ బండి వచ్చేదాకా వారానికోసారి వీధిలో నలుగురూ కలిసి చూసుకోండి. జ్వరానికి పారాసెటమాల్ తప్ప డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ వంటివి సొంతంగా వేసుకోవద్దు. డెంగీ అయితే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

గోడలు ఆరకుండా రంగులొద్దు

తడి నిలిచిన చోట ఒకటి, రెండు రోజుల్లోనే బూజు మొదలవుతుంది. పరుపులు, దిండ్లు, సోఫాలు, ప్లైవుడ్ అరలు నానిపోతే ఎండలో ఎంత ఆరబెట్టినా లోపలి తడి పోదు. ఇక ఇటుక గోడలు నెలల తరబడి తడిని పట్టి ఉంచుతాయి. పండగ వస్తోందనో, అద్దెకు ఇవ్వాలనో వెంటనే రంగులు వేయిస్తే తడి లోపలే ఉండిపోయి, పెచ్చులూడి, మళ్లీ బూజు పడుతుంది. ఆస్తమా, సైనస్ ఉన్నవారికి, పిల్లలకు ఇది ఆయాసం, ఆగని దగ్గు తెచ్చిపెడుతుంది.

గోడ ఆరిందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. అడుగు పొడవు, వెడల్పున పాలిథీన్ కాగితాన్ని అన్ని వైపులా టేపుతో గోడకు అంటించి ఒక రోజు ఉంచండి. లోపలి వైపు నీటి చెమ్మ కనిపిస్తే ఇంకా ఆరలేదని అర్థం. అప్పటిదాకా మంచాలు, బీరువాలు గోడకు జానెడు దూరంలో ఉంచండి. పగలు కిటికీలు తెరిచి, ఫ్యాన్లు వెయ్యండి.

బీపీ, షుగరు ఆగిపోలేదు కదా!

వరద హడావుడిలో పెద్దవాళ్ల మందులు తప్పిపోతాయి. వాళ్లేమో ‘ఇంత కష్టంలో నా మాత్రల సంగతెందుకులే’ అని అడగరు. మీరే అడగండి. తడిసిన మాత్రలు వాడొద్దు. చీటీ కొట్టుకుపోయినా దగ్గర్లోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి వెళితే బీపీ, షుగరు మందులు మళ్లీ మొదలుపెడతారు. క్షయ, మూర్ఛ మందులు ఒక్కరోజు కూడా ఆపకూడదు. కరెంటు లేక ఫ్రిజ్ పనిచెయ్యకపోతే వాడుతున్న ఇన్సులిన్‌ను కొత్త మట్టికుండలో, నీళ్లు తగలకుండా చిన్న డబ్బాలో పెట్టి, నీడపట్టున ఉంచుకోవచ్చు. షుగరు ఉన్నవాళ్లకు అరికాళ్లలో స్పర్శ తగ్గి, గాజుముక్క గుచ్చుకున్నా తెలియదు. రోజూ రాత్రి పాదాలు కడిగి, వేళ్ల సందుల్లో తుడిచి, అరికాళ్లు ఎవరో ఒకరు చూడాలి.

చినుకు పడితే గుండె దడ

వరద చూసిన ఇళ్లలో తర్వాత కొన్నాళ్లపాటు మబ్బు పట్టగానే ఎవరికీ నిద్ర ఉండదు. పిల్లలు అమ్మను వదలరు. మానేసిన పక్క తడపటం మళ్లీ మొదలవుతుంది. పెద్దవాళ్లు పెళ్లినాటి ఫొటోలు పోయాయని మాటిమాటికీ తలచుకుంటారు. కొందరు మగవాళ్లు ఎవరితోనూ మాట్లాడరు, మందు ఎక్కువ చేస్తారు. ఇవి జబ్బులు కావు, పెద్ద దెబ్బ తిన్న మనసు స్పందనలు. చాలామందికి కొద్ది వారాల్లో సర్దుకుంటాయి. ‘ప్రాణాలు దక్కాయిగా, ఇంకా ఏడుపెందుకు’ అనకండి. చెప్పుకోనివ్వండి. పిల్లల్ని వీలైనంత త్వరగా బడికి పంపండి. వేళకు తిండి, వేళకు నిద్ర వాళ్లకు ధైర్యాన్నిస్తాయి. నెల దాటినా నిద్ర లేకపోయినా, పనులు చేసుకోలేకపోయినా, చనిపోవాలన్న మాటలు వచ్చినా ఆలస్యం చెయ్యొద్దు. టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

వీధి మళ్లీ వీధి కావాలంటే...

ఇల్లు కోలుకున్నా పక్కిళ్లు ఖాళీగా ఉంటే మనిషి కోలుకోవటం కష్టం. అమెరికాలోని న్యూఆర్లీన్స్‌ను 2005లో కత్రినా తుపాను ముంచేసింది. 2000లో సుమారు 4.85 లక్షలున్న ఆ నగర జనాభా 2010 నాటికి 3.44 లక్షలకు పడిపోయింది. ఈ విషయాన్ని పరిశోధించిన డేనియల్ ఆల్డ్రిచ్ ఇల్లు కూడా అదే వరదలో పోయింది. ఆయన కోబె భూకంపం, తమిళనాడు సునామీ, కత్రినాలను పోల్చి చూశారు. ఇరుగుపొరుగు సంబంధాలు గట్టిగా ఉన్న చోట జనం త్వరగా తిరిగొచ్చి, త్వరగా కోలుకున్నారని తేల్చారు. 1995లో కోబె భూకంపం తర్వాత లాటరీ పద్ధతిలో తాత్కాలిక ఇళ్లిచ్చారు. దాంతో పాత వీధుల వాళ్లు చెల్లాచెదురయ్యారు. ఒంటరిగా మిగిలిన వృద్ధులు ఎవరికీ తెలియకుండానే ఆ ఇళ్లలో కన్నుమూసిన సంఘటనలు జపాన్‌ను కలచివేశాయి. చెన్నైలో నదుల ఒడ్డు నుంచి దూరంగా పెరుంబాక్కం ఫ్లాట్లకు తరలించిన కుటుంబాలకు గూడు దొరికింది గానీ పని, బడి, ఆసుపత్రి దూరమయ్యాయి.

మన కాలనీల్లోనూ ముందు తిరిగొచ్చేది సొంత ఇళ్లవాళ్లు. సామాన్లు పోయిన అద్దెవాళ్లు వేరే చోటికి వెళ్లిపోతారు. ఆటో నడిపే ఆయన, కుట్టుమిషను మీద బతికే ఆవిడ, ఇస్త్రీ బండి, టిఫిన్ బండి వాళ్లకు పోయింది సామాను మాత్రమే కాదు, రేపటి సంపాదన. ఒక నెల అద్దె వాయిదా వేస్తే ఒక కుటుంబం ఆ వీధిలోనే, పిల్లలు అదే బడిలో ఉండిపోవచ్చు. వీధిలో ఒంటరిగా ఉండే మామ్మగారి తలుపు రోజూ ఒకసారి తట్టండి. అపార్టుమెంటు సంఘం, వీధి పెద్దలు కలిసి ఒక చిన్న జాబితా రాసుకోండి. నడవలేని వాళ్లెవరు? డయాలసిస్ చేయించుకునే వాళ్లెవరు? నెలలు నిండిన గర్భిణి ఎవరింట్లో ఉంది? పై అంతస్తులో ఎవరి ఇల్లు తెరవొచ్చు? ఈ జాబితా ఇప్పటి వైద్యశిబిరానికీ, వచ్చే వానాకాలానికీ ఉపయోగపడుతుంది. దాంతో పాటు ఆధార్, ఇంటి కాగితాలు, మందుల చీటీలు ఫోన్లో ఫొటోలు తీసుకుని, అసలువి జిప్ కవర్లో వేసి అటక మీద పెట్టుకోండి.

ఇవి కనిపిస్తే ఆలస్యం వద్దు

* జ్వరంతో పాటు పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం, కళ్లు పచ్చబడటం, మూత్రం తగ్గిపోవటం

* జ్వరం తగ్గాక తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, బాగా నీరసం

* విరేచనాలైన పిల్లల్లో కళ్లు లోపలికి పోవటం, నాలుక ఎండిపోవటం, మగతగా పడి ఉండటం. గంజినీళ్లలా ఆగకుండా విరేచనాలు

* గాయం చుట్టూ ఎరుపు, వాపు పాకటం, చీము, దవడలు బిగుసుకోవటం

* బూజు పట్టిన ఇంట్లో ఆయాసం, పిల్లికూతలు

* షుగరు ఉన్నవారి పాదం మీద ఏ చిన్న పుండైనా

వీటిలో ఏది కనిపించినా ఇల్లు కడిగే పని ఆపి ఆసుపత్రికి వెళ్లండి. బురద రేపైనా తీసుకోవచ్చు.